గిటారుపై అంతర గాంధారం శుద్ధంగా పలకాలంటే?

ప్రశ్న: వీణ నేర్చుకుని గిటారుకు వచ్చాను. జి మేజర్ కార్డు (జి, బి, డి స్వరాలు ఒకేసారి పలికే కూర్పు) మీటినప్పుడు, ట్యూనర్ అంతా సరిగా ఉందని చూపుతున్నా, రెండవ తీగపై బి స్వరం (జి షడ్జమమైతే, అంటే 'స' అయితే, ఇదే అంతర గాంధారం, పై 'గ') కాస్త హెచ్చుగా వినిపిస్తోంది. దాన్ని దించితే ఇ మేజర్ చెడుతోంది. మెట్లు మార్చకుండా పరిష్కారం ఉందా?

జవాబు 1: మీ చెవి సరైనదేనండి. కంపనాల 5:4 నిష్పత్తిలోని శుద్ధ అంతర గాంధారం షడ్జమం కన్నా 386 సెంట్లు (సెంటు అంటే ఒక మెట్టు దూరంలో నూరోవంతు) ఎత్తున ఉంటే, గిటారు మెట్లు అనుసరించే పన్నెండు సమభాగాల పద్ధతిలో అది 400 వద్ద ఉంటుంది. బి తీగను 14 సెంట్లు దించితే జి కార్డులో ఆ తీగ కుదురుతుంది కానీ, అయిదవ తీగ రెండవ మెట్టుపై పలికే బి మాత్రం పాత చోటే ఉండిపోయి, రెండూ కలిసినప్పుడు నాదం అలలు అలలుగా ఊగుతుంది. ఇ కార్డులో అదే బి పంచమం కనుక అక్కడ మరింత బాధిస్తుంది.

జవాబు 2: ఓపెన్ జి శ్రుతి ప్రయత్నించండి. ఆరవ తీగ నుంచి డి, జి, డి, జి, బి, డి అని కలిపి, బి ఒక్కదాన్నే 14 సెంట్లు దించి స్లైడుతో (తీగలపై జరిపే గొట్టంతో) వాయిస్తే, స్లైడు ఎక్కడికి జరిపినా మేజర్ కార్డు శుద్ధంగానే ఉంటుంది. మైనర్ కార్డులకు ఇది పనికిరాదు.

జవాబు 3: రాగాలాపనకైతే ఇంత శ్రమ అక్కరలేదు. తీగను లాగితే స్వరం పెరుగుతుందే తప్ప తగ్గదు కనుక, వీణపై లాగినట్లే సాధారణ గాంధారపు మెట్టు (అంతర గాంధారానికి ఒక మెట్టు కిందిది) నుంచి లాగి, శ్రుతిపెట్టె వింటూ కావలసిన చోట నిలపండి.