సందిగ్ధ కోణంలో సందేహం ఎవరిది?

పాతపలక: బడిలో చదివిన వాక్యం ఒకటి రెండు రోజులుగా వదలడం లేదు. “పతన కోణం సందిగ్ధ కోణాన్ని మించితే కిరణం సాంద్రతర యానకంలోకే...” ఆ తర్వాత ‘పరావర్తనం చెందును’ అనా, ‘మరలును’ అనా? అది అలా ఉంచండి. నీటిలోంచి గాలిలోకి పోయే కాంతి ఇక బయటపడలేని ఆ హద్దు కోణం నీటికి 48.6 డిగ్రీలని లెక్క తేలిపోయాక ఇంకా సందిగ్ధం ఎవరికి?

కలువరేకు: కిరణానికేనండీ. గడప దాటాలా, వెనుదిరగాలా అన్న తడబాటు.

తాళపత్రం: తడబాటెక్కడిది? ‘క్రిటికల్’ అన్న ఇంగ్లీషు మాటకు గ్రీకు మూలం ‘వేరుచేయు, నిర్ణయించు’. మనవాళ్లు నిర్ణయాన్ని సందేహం చేశారు. ‘నిర్ణాయక కోణం’ అనవలసింది.

చుక్కలముగ్గు: తొందరపడకండి. ‘దిగ్ధ’ అంటే పూసినది. విషదిగ్ధ బాణం గుర్తుందా? సరిగ్గా ఆ కోణం దగ్గర వక్రీభవన కిరణం 90 డిగ్రీలకు వంగి, నీటి ఉపరితలానికి పూత పూసినట్టు దాని వెంటే పాకుతుంది. ఇది సందేహం కాదు, పూత!

తాళపత్రం: మరి ఎంత అదిమినా వాయువు ద్రవం కాని హద్దు, ఆ సందిగ్ధ ఉష్ణోగ్రతలో దేనికి పూత?

చుక్కలముగ్గు: కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా అదిమి 31 డిగ్రీలు దాటించండి. ద్రవానికీ వాయువుకీ నడుమ గీత అలుక్కుపోతుంది. అలకడమూ పూయడమే కదా.

పాతపలక: ఇప్పుడే గాజు గ్లాసులో నీళ్లు పోసి, కంటికంటే పైకెత్తి కింది నుంచి చూశాను. నీటి పైతలం వెండిరేకులా మెరిసింది. అందులో చెంచా తలకిందులుగా వేలాడుతోంది. పూత అంటే నమ్మబుద్ధేస్తోంది.

తాళపత్రం: అసలు చిక్కు, కిరణం పూర్తిగా లోపలికే మరలడానికి పెట్టిన ‘సంపూర్ణాంతర పరావర్తనం’ అన్న పేరులో ఉంది. అది అంతరమా, ఆంతరమా? సవర్ణదీర్ఘం రెండింటినీ మింగేసింది. ‘లోపలి’ అన్న విశేషణం కావాలంటే ఆంతరమే.

కలువరేకు: అంతరాత్మ అనమా?

తాళపత్రం: అమ్మా, అక్కడున్నది ‘అంతర్’ అనే అవ్యయం.

కలువరేకు: ఒప్పుకుంటాను. ఎండమావికీ ఈ పరావర్తనమే కారణమని చదువుకున్నాం కదా, నాకు భర్తృహరి సంస్కృత సుభాషితాలను తెనిగించిన ఏనుగు లక్ష్మణకవి గుర్తొస్తారు. భర్తృహరి ‘పిపాసార్దితః’ అని దప్పికతో అల్లాడేవాణ్ణి చూపితే, మన కవి దప్పిక మాటే ఎత్తకుండా ‘తవిలి మృగతృష్ణలో నీరు త్రావవచ్చు’ అన్నారు. తవిలి! ఎండలో తారురోడ్డు మీద ఆ నీటి వెంట ఎంత దూరం పోతామో అంతా ఆ మూడక్షరాల్లోనే ఉంది.

తాళపత్రం: ‘దవిలి’ అండీ. ముందున్నది ‘తీయవచ్చున్’, నకారంతో ముగిసే ద్రుతాంతం. దాని తర్వాతి ‘త’కు ‘ద’ అనే సరళాదేశం రావాలి.

చుక్కలముగ్గు: పాదం మొదట విరిచి చదివితే తకారమే ఉంచవచ్చు. మా ఇంట్లో పెద్దలందరూ ‘తవిలి’ అనే చదివేవారు.