అప్‌డేట్: రంగుకూ రుచికీ ‘మెలో’, అర్థం తేలింది

రంగుకూ రుచికీ ఇంగ్లీషులో ‘మెలో’ (mellow) అనే ఒకే విశేషణం ఎలా కుదురుతుందని, తెలుగులో దాన్ని ఎలా రాయాలని ఇంతకుముందు అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. పండిన పండు దగ్గర మొదలుపెట్టమన్న సలహాతో చిక్కు వీడింది. ఈ మాటకు పాత అర్థం అదే: పండి, మెత్తబడి, తియ్యనైనది. రుచి విషయంలో పులుపు, వగరు, ఘాటు తగ్గి నాలుకకు మృదువుగా తగలడం. ఏళ్లు నిల్వ ఉన్న వైన్‌కు అందుకే వాడతారు. వైన్ గురించి చెప్పే చోట తెలుగులో ‘మాగిన’ అని రాశాను, చక్కగా అతికింది. రంగుకు మాత్రం అది నప్పదు. కొట్టొచ్చినట్టు కాక, కంటికి హాయిగా, కాస్త వెచ్చగా ఉండే ఛాయ అని విడమరచాల్సిందే. వెలిసిపోయిన రంగు, చప్పటి రుచి అనే అర్థాలు దీనికి లేవు. ‘ఎల్లో’తో ప్రాస కలుస్తుంది కాబట్టి పసుపుకే పరిమితమేమోనన్న అనుమానం అక్కర్లేదు, ఎరుపు, గోధుమ రంగులకూ వాడతారు.