కల చెప్పేటప్పుడు వచ్చే ‘ట’

ప్రశ్న (బరంపురం నుంచి):
అందరికీ నమస్కారం. నాకు కొన్ని కలల్లో ఇది కలేనని తెలిసిపోతూ ఉంటుంది. పైగా ఎక్కడో దూరంగా నిలబడి, వీధిలో నడుస్తున్న నన్ను నేనే చూస్తుంటాను. ఇలా కల అని తెలిసే కలని ఇంగ్లీషులో లూసిడ్ డ్రీమ్ అంటారు, దానికి తెలుగులో ‘స్పష్ట స్వప్నం’ అని రాస్తున్నారు. అది సరైనదేనా? ఈ బయటి చూపుకి మనకు వేరే మాట ఉందా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
అమ్మా, ‘స్పష్ట స్వప్నం’ నాకు నచ్చలేదు. కల ఎంత తేటగా కనబడినా, అది కలని తెలియకపోతే లూసిడ్ డ్రీమ్ కాదు. డచ్ మనోవైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లో ఈ పేరుతో రాసింది కలలో ఉండే తెలివిడి గురించే. మనకు ‘ఎరుక’ ఉంది కదా, ‘ఎరుకతో కన్న కల’ అంటే సరిపోతుంది.

మీ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటున్నవాణ్ని, కొత్త మాట కట్టే ముందు జనం నోట్లో ఏముందో చూడాలనిపిస్తుంది. మన ఇళ్లలో కల ఎలా చెబుతారు? “కల్లో నేను గుణుపురం రైలెక్కానట. టికెట్టు లేదట. పక్కన అమ్మమ్మ కూర్చుందట.” ఎక్కింది నేనే, చెప్పేదీ నేనే, అయినా ‘ఎక్కానట’. కొందరి నోట ‘ఎక్కానంట’.

ఈ ‘ట’ మామూలుగా ఎవరో చెప్పగా విన్న సంగతికి వస్తుంది: పెళ్లి కుదిరిందట, రేపు సెలవట. తన గురించి తాను చెప్పుకునేటప్పుడు దీనికి చోటు తక్కువ. “పసితనంలో నేను తెగ ఏడ్చేవాణ్నట” అని గుర్తులేనిదానికి వాడతాం. “నేనే తీశానట!” అని ఒప్పుకోని నిందకి వాడతాం. తర్వాత చెప్పుకోవాల్సింది కలే. కలలో తిరిగిన ‘నేను’ని మనం పరాయి మనిషి కబురులా చెబుతున్నాం.

ఇప్పుడు మీ కలనే చెప్పి చూడండి. “నేను వీధిలో నడుస్తున్నానట. అది కలేనని నాకు తెలుసు.” ‘తెలుసట’ అనండి, చెవికి అతకదు. నడిచిన నేనుకి ‘ట’ ఉంది, తెలిసిన నేనుకి లేదు. ఇది గమనించిన దగ్గర్నుంచి నాకు ఎంత సంతోషంగా ఉందో!

మరొకరు (జయపురం నుంచి):
మాస్టారూ, ‘ట’ చేరేది లేచాక చెప్పేటప్పుడు కదా. కల నడుస్తుండగానే ఆ చూపు బయట ఉందని ఎలా అంటాం? ముండకోపనిషత్తులో ఒక పక్షి పండు తింటుంటే రెండోది తినకుండా చూస్తుంటుంది. అలాంటి ‘సాక్షి’ అనొచ్చా?

జవాబు (పర్లాకిమిడి నుంచి):
బాబూ, మంచి అనుమానం. కల అని తెలియడం వేరు, బయటి నుంచి చూడటం వేరు. ఒకటి లేకుండా రెండోది ఉండొచ్చు. తెలియడం నిద్రలోనే జరుగుతుందని రుజువైంది. 1975లో ఇంగ్లండులోని హల్‌లో కీత్ హెర్న్ ప్రయోగంలో, ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబర్జ్ ప్రయోగాల్లో, నిద్రలో ఉన్న మనిషి ముందే అనుకున్నట్టు కళ్లు కుడికీ ఎడమకీ తిప్పి సైగ చేశాడు. కలలొచ్చే ఆ దశలో ఒళ్లు సడలిపోయినా కళ్లు కదులుతాయి.

బయటి చూపుకి మాత్రం చెప్పేవాళ్ల మాటే ఆధారం. మెలకువలో జరిగినవి కూడా కొన్ని మన కళ్లతో చూసినట్టు, కొన్ని పక్కనుంచి ఎవరో చూసినట్టు గుర్తొస్తాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు జార్జియా నిగ్రో, ఉల్రిక్ నైసర్ 1983లో రాశారు. బరంపురం అమ్మ కలనీ జ్ఞాపకం అలా తిప్పి ఉండొచ్చు. కానీ ఆమె కలలో ఉండగానే గమనించానంటోంది, అందుకని ఆమె మాటకి బరువెక్కువ.

‘సాక్షి’ నేను వాడను. వేదాంతం చెప్పే సాక్షి ఒక మూల నిలబడి చూసేవాడు కాదు. ఈ కలలో చూపు గోడ మీదో మిద్దె మీదో ఉంటుంది. ఆ మిద్దె కూడా కలలోదే.

ప్రశ్న అడిగినవారు:
మాస్టారూ, ‘ట’తో చెప్పి చూశాను, మీరన్నట్టే ఉంది. మా పిల్లలు ఒడియా బడిలో చదువుతారు. ‘స్వప్న దేఖిలి’ అలవాటై, తెలుగులోనూ ‘కల చూశాను’ అంటారు. తర్వాత అంతా ‘వెళ్లాను, పడ్డాను’ అనే చెబుతారు, ‘ట’ ఎక్కడా రాదు.

జవాబు (పర్లాకిమిడి నుంచి):
ఇది చాలా విలువైన సంగతమ్మా. రాయగడ, కొరాపుట్ వైపు ఇళ్లలో పిల్లలు కల ఎలా చెబుతున్నారో, పెద్దలు ఎలా చెబుతున్నారో విన్నది విన్నట్టు రాయండి. మహారాష్ట్రలోని సిరోంచ వాళ్లుంటే మీరూ రాయండి, మరాఠీలో కల ‘పడుతుంది’ కదా.