లో షుగర్ (రక్తంలో షుగర్ బాగా పడిపోవడం) మీద పరిశోధన చేయాలంటే ఏ దారి మంచిది?

నమస్కారం అండీ. నాకు ఎంబీబీఎస్ పూర్తయింది. తమ్ముడికి టైప్ 1 డయాబెటిస్. మొదట్లో షుగర్ 70 కిందికి దిగితే చెమటలు, వణుకు వచ్చి వాడికే తెలిసేది. ఇప్పుడు 50కి పడినా తెలియట్లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. లో షుగర్ పదే పదే వస్తే శరీరం హెచ్చరించడమే తగ్గిపోతుందని అమెరికా డయాబెటిస్ పరిశోధకుడు ఫిలిప్ క్రయర్ పరిశోధనల గురించి చదివాక అర్థమైంది. కొన్ని వారాలు అది రాకుండా చూసుకుంటే ఆ హెచ్చరికలు కొంతవరకు తిరిగి రావచ్చట! అప్పటి నుంచి నా మనసంతా దీని మీదే ఉంది.

ఎండోక్రినాలజీ (హార్మోన్ల వైద్యం) చదివి రోగులతో పరిశోధన చేయాలా, పీహెచ్‌డీలో చేరి మెదడు గ్లూకోజ్ తగ్గుదలను ఎలా పసిగడుతుందో ల్యాబ్‌లో చూడాలా? రెండూ కలిపి చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు ఏది మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.