మిర్చికాయను నలపకుండా పట్టుకునే రోబో వేళ్లకు ఏ స్పర్శ సెన్సర్ సరిపోతుంది?

ప్రశ్న (హనుమకొండ, ఇంజనీరింగ్ విద్యార్థి):
వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే చపాటా మిర్చిని ఒక్కొక్క కాయగా ఎత్తి, రంగును బట్టి వేరుచేసే రెండు వేళ్ల గ్రిప్పర్‌ను ఫైనలియర్ ప్రాజెక్టుగా తయారుచేస్తున్నాము. వేళ్లకు ఒత్తిడిని కొలిచే ఎఫ్‌ఎస్‌ఆర్ సెన్సర్లు అతికించాము. బలం పెంచితే ఎండిన కాయ తొడిమ దగ్గర చిట్లి గింజలు రాలుతున్నాయి, తగ్గిస్తే కాయ జారిపోతున్నది. ఎంత బలం దగ్గర ఆగాలో ముందే నిర్ణయించే పద్ధతి ఉన్నదా, లేక సెన్సర్‌నే మార్చాలా? దయచేసి చెప్పగలరు.

జవాబు (కాజీపేట):
తమ్ముడూ, ఒకే బలం అన్ని కాయలకూ సరిపోదు. 50 గ్రాముల వస్తువును రెండు వేళ్లతో ఎత్తాలంటే, ఘర్షణ గుణకం (రెండు తలాలు ఒకదానిపై ఒకటి జారకుండా ఎంత పట్టుకుంటాయో చెప్పే అంకె) 0.5 అయినప్పుడు ఒక్కో వేలు సుమారు 0.5 న్యూటన్ల బలంతో నొక్కాలి. ఆ గుణకం 0.25కు పడిపోతే అదే వస్తువుకు 1 న్యూటన్ కావాలి. ఎఫ్‌ఎస్‌ఆర్‌కు ఈ ఘర్షణ సంగతి తెలియదు, పైగా బరువును కదపకుండా ఉంచినా దాని రీడింగు మెల్లగా మారుతూ ఉంటుంది. మనిషి చేయి జారే హద్దుకు కొద్దిగా పైన పట్టు నిలుపుతుందని, జారుడు మొదలైన 60-80 మిల్లీసెకన్లలో దానంతటదే బిగుస్తుందని స్వీడన్‌కు చెందిన జోహాన్సన్, వెస్ట్లింగ్ 1984లో చూపించారు. మీరూ జారుడునే పసిగట్టండి. వేలి రబ్బరు పొర కింద పియెజో డిస్క్ (కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే చిన్న బిళ్ల) అతికిస్తే, కాయ జరిగేటప్పుడు పుట్టే సన్నని కంపనం అందులో కనిపిస్తుంది. ప్రోగ్రాంను కాసేపు ఆపి ఉంచే డిలే ఆదేశం ఉంటే వెంటనే తీసేయండి. సెన్సర్‌ను 100 మిల్లీసెకన్లకొకసారి చదివితే, ఆలోపే పట్టు తప్పిన కాయ దాదాపు 5 సెంటీమీటర్లు కిందికి పడిపోతుంది.

జవాబు (కరీంనగర్):
పై మాట సరైనదే, అయితే పియెజో జారుడు మొదలయ్యాకే చెబుతుంది. ఎంఐటీలో 2009లో రూపుదిద్దుకున్న జెల్‌సైట్ తరహా సెన్సర్లలో మెత్తని జెల్ వెనుక చిన్న కెమెరా ఉంటుంది. జెల్‌పై చుక్కలు ముద్రిస్తే, కాయ తగిలిన చోట అంచు చుక్కలు మధ్య చుక్కలకన్నా వెనకబడటం గమనించి, పట్టు పూర్తిగా తప్పకముందే బిగించవచ్చు. 2020లో వచ్చిన డిజిట్ సెన్సర్ డిజైన్ అందరికీ అందుబాటులో ఉన్నది. కానీ మిర్చి ధూళిలో జెల్ పైపొర త్వరగా అరుగుతుంది కాబట్టి, మీ ప్రాజెక్టుకు నేను పియెజోనే సూచిస్తాను.

అడిగినవారు:
ధన్యవాదాలు అన్నా. మోటారు కంపనం కూడా పియెజోకు తగులుతుంది కదా, దాన్ని ఎలా వేరుచేయాలి?

జవాబు (కాజీపేట):
కాయ తగలని చోట, గ్రిప్పర్ చట్రానికి రెండో పియెజో అతికించండి. మోటారు కంపనం రెండింటిలోనూ కనిపిస్తుంది, జారుడు మాత్రం ముఖ్యంగా వేలి డిస్క్‌లోనే తెలుస్తుంది. మొదట మోటార్లు ఆపి, పట్టులో ఉన్న కాయను చేత్తో మెల్లగా లాగి, వేలి డిస్క్‌లో ఎంత సంకేతం వస్తున్నదో చూసుకున్నాకే, ఎంత సంకేతం దాటితే పట్టు బిగించాలో ఆ హద్దు నిర్ణయించండి.