తిరుపతి ల్యాబుల్లో ఫ్లాష్ పాఠాలు: పాత ప్లగిన్ ఉంచాలా, తీసేయాలా?

అలిపిరి_అడ్మిన్: తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ఫిజిక్స్, బయాలజీ పాఠాల సీడీలు చాలావరకు ఫ్లాష్‌లో (అడోబీ కంపెనీ ఆపేసిన పాత యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో) చేసినవే. వాటిని బ్రౌజర్లో ఆడించే పాత ప్లగిన్ ఉంచుకోవచ్చా?

రేణిగుంట_జంక్షన్: ఉంచుకోవచ్చు. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ పాఠాలను ఆపేసే కోడ్ ప్లగిన్ చివరి వెర్షన్లలో ఉంది, నిజమే. కానీ ప్లగిన్ సెట్టింగుల ఫైలైన ఎంఎంఎస్.సీఎఫ్‌జీలో ఎనేబుల్‌అలోలిస్ట్=1 పెట్టి, కింద పాఠాలున్న అడ్రస్ రాస్తే పాత బ్రౌజర్లో నడుస్తుంది. మంచి ఫ్లాష్‌ను చంపింది యాపిల్. 2010లో స్టీవ్ జాబ్స్ ఐఫోన్లో ఫ్లాష్ ఎందుకు పెట్టమో చెబుతూ ఆ లేఖ రాయకుంటే ఈరోజుకీ ఉండేది.

స్వర్ణముఖి: నెపమంతా జాబ్స్ మీదేస్తే ఎట్లన్నా? ఆండ్రాయిడ్‌లో యాపిల్ అడ్డం లేదు కదా, అక్కడా 2011 నవంబర్‌లో అడోబీయే చేతులెత్తేసింది. డయలప్ రోజుల్లో వెక్టర్ బొమ్మలు కొద్ది కిలోబైట్లలో కదిలాయి కాబట్టి ఫ్లాష్ ఎదిగింది. 2005లో యూట్యూబ్ వీడియో కూడా దాని మీదే నడిచింది. దెబ్బతిన్నది భద్రత దగ్గర. 2015 జులైలో హ్యాకింగ్ టీమ్ అనే ఇటలీ నిఘా సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫైళ్లు బయటపడితే, అప్పటికి ప్యాచ్ లేని ఫ్లాష్ లోపాలు అందులో దొరికాయి. ఇప్పుడు లోపం బయటపడినా అడోబీ సరిచేయదు. నెట్ ఉన్న మెషీన్లో అది వద్దే వద్దు.

కాణిపాకం_కోడ్: ముందు రఫుల్ (ప్లగిన్ లేకుండా ఫ్లాష్ ఫైళ్లను ఆడించే ఉచిత సాఫ్ట్‌వేర్) పెట్టి చూడండి. దాని ఫైళ్లన్నీ పాఠాల ఫోల్డర్లో వేసి, పేజీలో ఒక్క స్క్రిప్ట్ లైన్ చేరిస్తే చాలు. పేజీని డబుల్‌క్లిక్ చేసి తెరిస్తే మాత్రం రఫుల్‌ను నడిపే వెబ్‌అసెంబ్లీ ఫైల్ లోడ్ కాదు, లోకల్ సర్వర్ కావాలి. సర్వర్ లినక్స్ అయితే ఇంకో చిక్కు: మెనూ ఫైల్ పిలిచే పేరులో పెద్దక్షరం ఉండి, ఫోల్డర్లో చిన్నక్షరం ఉంటే ఆ పాఠం తెల్లగా మిగులుతుంది. విండోస్ సీడీలో ఈ తేడా ఎవరికీ కనబడదు. తెలుగు అక్షరాలూ చూసుకోండి. యూనికోడ్ కాని పాత తెలుగు అను ఫాంట్‌ను ఎస్‌డబ్ల్యూఎఫ్ (ఫ్లాష్ ఫైల్)లో పొదగకపోతే ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి వస్తుంది.

రేణిగుంట_జంక్షన్: యాక్షన్‌స్క్రిప్ట్ (ఫ్లాష్ ప్రోగ్రామింగ్ భాష) 2 పాఠాలకు సరే. 3లో రాసినవి రఫుల్‌లో అన్నీ సరిగ్గా ఆడవు, క్విజ్ బటన్లు నొక్కినా కదలకపోవచ్చు. వాటినేం చేస్తారు?

కాణిపాకం_కోడ్: ముందు జేపెక్స్‌లో (ఫ్లాష్ ఫైల్‌ను విప్పి చూపే టూల్) తెరవండి. డూఏబీసీ ట్యాగ్ కనబడితే 3, డూయాక్షన్ అయితే పాతది. 3 అయి రఫుల్‌లో మొరాయించేవాటికి అడోబీ స్టాండలోన్ ప్రొజెక్టర్ అనే విడి ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాడండి. దానికి బ్రౌజరే అక్కర్లేదు, ఆ గడువు కోడూ అందులో లేదు.

స్వర్ణముఖి: ప్రొజెక్టర్‌కు ఒప్పుకుంటా, అదీ లాన్ కేబుల్ పీకేసిన మెషీన్లో. బ్రౌజర్లో ప్లగిన్‌కు మాత్రం ఒప్పుకోను.