రెండేళ్ల మనవడు న్యూజిలాండ్ డెయిరీ ఫార్మ్‌లోనే పెరగాలా, మా ఊరికి తెచ్చేసుకోవాలా?

కవిటి తాతయ్య:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి అగ్రికల్చర్ బీఎస్సీ చదివి న్యూజిలాండ్ వెళ్లాడు. ఇప్పుడు ఆ దేశానికి దక్షిణాన సౌత్‌లాండ్‌లో ఒక డెయిరీ ఫార్మ్‌కి మేనేజర్. కోడలు అక్కడే దూడల పని చూస్తుంది. యజమాని ఇచ్చిన ఇంట్లో, ఆవుల మధ్యే కాపురం. రెసిడెన్సీ వచ్చాకే మనవడు పుట్టాడు కాబట్టి వాడు అక్కడి పౌరుడే. ఈ మధ్యే రెండేళ్లు నిండాయి.

అక్కడ ఆవులన్నీ ఇంచుమించు ఒకేసారి ఈనతాయి. జూలై ఆఖరున మొదలైతే సెప్టెంబరు దాకా ఊపిరాడదు. అబ్బాయి తెల్లవారుజామున నాలుగింటికే పాలు పితికే షెడ్డుకి వెళ్లిపోతాడు. కోడలు పుట్టిన దూడ పుట్టినట్టు తెచ్చి జున్నుపాలు పట్టాలి. పోయినేడు పిల్లాడిని ఆ షెడ్డులోనే ఒక మూల గడ్డి మీద కూర్చోబెట్టుకుని పని చేసిందట. అప్పుడు నడక సరిగ్గా రాలేదు, ఇప్పుడు పరుగెడుతున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చూస్తే వాడు గమ్ బూట్లు వేసుకుని వరండా మెట్లు దిగుతున్నాడు, కాస్త అవతల ట్రాక్టర్ మేత ట్రైలర్‌ని లాక్కుపోతోంది. మధ్యలో కంచె లేదు.

ఐదేళ్లొచ్చి బడిలో వేసేదాకా వాడిని మన దగ్గరికి పంపించెయ్యమంటుంది మా ఇంటావిడ. మన తోటలో, మన కళ్ల ముందు పెరుగుతాడని ఆవిడ ఆశ. అబ్బాయి ససేమిరా అంటున్నాడు. కోడలు ఎటూ తేల్చదు, ఫోన్ పెట్టేముందు మాత్రం కళ్లు తుడుచుకుంటుంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాజాం నానమ్మ:

అన్నయ్యగారూ, ఆలోచించకుండా తెచ్చేసుకోండి. మా పెద్దాడి కూతుర్ని పాలు మరిచిన వెంటనే తెచ్చుకుని బడి వయసు దాకా నేనే పెంచాను. నేను వంటింట్లో ఉంటే మా తోటికోడలు చూసేది, తను లేకపోతే ఎదురింటివాళ్లు. పిల్ల ఒంటరిగా ఉన్న ఘడియ లేదు. పెసరకట్టు అన్నం తినడం, పెద్దవాళ్లని వరస పెట్టి పిలవడం, సిరిమానోత్సవానికి తాత భుజమెక్కి పైడితల్లమ్మకి దణ్ణం పెట్టడం, ఇవన్నీ ఇక్కడే వచ్చాయి. చుట్టూ ఆవులే తప్ప మనుషులు లేనిచోట ఆ బిడ్డ ఎవరితో మాట్లాడతాడు? తల్లి పనిలో ఉంటే చేతికి ఫోనే కదా ఇచ్చేది.

బొబ్బిలి టీచర్:

అమ్మా, మీరు ప్రేమతో పెంచారు, అందులో సందేహం లేదు. కానీ నేను ఒకటో తరగతి టీచర్ని, బడికొచ్చాక ఆ పిల్లల్ని చూసేదాన్ని. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదలడం విదేశీ ఉద్యోగాలతో మొదలవలేదు. చెన్నైకి, హైదరాబాద్‌కి బిల్డింగ్ పనులకి వలస పోయేవాళ్లు ఎప్పటినుంచో అలా వదులుతున్నారు. వాళ్లుండేది సైట్ పక్కన రేకుల షెడ్డులో, వాళ్లకి వేరే దారి లేదు. కవిటి వారి అబ్బాయికి ఇల్లుంది, నిలకడైన ఉద్యోగముంది.

అందరూ మొదటి ఎడబాటు గురించే మాట్లాడతారు. నాకు రెండోది ఎక్కువ బాధ. రెండేళ్లప్పుడు అమ్మ దూరమవుతుంది, సరే, నానమ్మని అమ్మనుకుని బతుకుతాడు. ఐదేళ్లకి ఆ నానమ్మనీ వదిలించి విమానం ఎక్కిస్తారు. అప్పటికి వాడికి అన్నీ తెలుస్తాయి. తీసుకెళ్లడానికి వచ్చిన కన్నతల్లిని చూసి పిల్లలు తలుపు చాటున దాక్కోవడం చూశాను. ఆ తల్లుల ముఖం చూడలేం.

టెక్కలి ఆడపడుచు:

బాబాయ్‌గారూ, నేను సౌత్‌లాండ్‌లోనే డెయిరీ ఫార్మ్ ఇంట్లో ఇద్దరు పిల్లల్ని పెంచాను, ఇప్పుడు ఇన్వర్‌కార్గిల్ టౌన్‌లో ఉంటున్నాం. కాస్త పెద్దగా రాస్తున్నాను, ఏమనుకోకండి.

ముందు భయం సంగతి. మీ భయం నిజమే, దాన్ని ఎవరూ కొట్టిపారేయకూడదు. కాకపోతే ఫార్మ్ అంతా ప్రమాదమే అనుకుంటే ఏమీ చెయ్యలేం. పసిపిల్లాడికి ప్రమాదం ఎక్కడుందో విడదీసి చూడాలి. అన్నిటికన్నా ముందు నీళ్లు. షెడ్డు కడిగిన పేడనీళ్లు ఒక చెరువులోకి వదులుతారు. దాని మీద పొర ఆరిపోయి, పైన గడ్డి కూడా మొలిచి, అచ్చం నేలలా కనిపిస్తుంది. పెద్దవాళ్లే పొరబడతారు. ఆ తర్వాత బండ్లు. ట్రాక్టర్ మీదున్నవాడికి చక్రం పక్కనున్న రెండేళ్ల పిల్లాడు కనిపించడు. క్వాడ్ బైక్, అదే ఫార్మ్‌లో తిరిగే నాలుగు చక్రాల బండి, దాని సంగతి ప్రత్యేకంగా అడగండి. మన దగ్గర పిల్లల్ని బైక్ ట్యాంక్ మీద కూర్చోబెట్టినట్టు అక్కడ తండ్రులు క్వాడ్ మీద ముందు కూర్చోబెట్టుకుని పచ్చికలో తిప్పుతారు. పెద్దల క్వాడ్ బైక్ 16 ఏళ్ల లోపు పిల్లలకి పనికిరాదని తయారుచేసే కంపెనీలే చెబుతాయి. బోల్తా పడితే ఆ బరువంతా మీదే పడుతుంది. ఇక షెడ్డులో పాల పైపులు కడిగే యాసిడ్, ఆల్కలీ ఉంటాయి. వాటిని కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి ఉంచేవాళ్లని నేను చూశాను. పిల్లాడు ఒక్క గుక్క తాగితే గొంతు కాలిపోతుంది.

వీటిలో చాలావాటికి ఒకటే మందు, ఇంటి చుట్టూ కంచె. ఊరికే రెండు తీగలు లాగితే చాలదు, కింద నుంచి దూరలేని వల కంచె కావాలి. గేటుకి పిల్లాడి చెయ్యి అందని గడియ ఉండాలి, గేటు దానంతట అదే మూసుకోవాలి. మా ఇంటికి వేయించుకున్నాకే నేను వంటింట్లో స్థిమితంగా నిలబడగలిగాను.

ఇప్పుడు అసలు విషయం. మీ ఇంటి సమస్య ఐదేళ్ల వయసు దాకా సాగేది కాదు. ఆ దేశంలో మూడేళ్లు నిండిన పిల్లలకి వారానికి 20 గంటల ప్రీస్కూల్ ప్రభుత్వ ఖర్చుతో దొరుకుతుంది. 2007 నుంచీ ఉన్న పద్ధతే. ఫార్మ్ నుంచి దూరం ఎంతో చూసుకోవాలి, రోజూ కారులో దింపి తేవాలి, అయినా దారి ఉంది. అంటే మీవాడికి గండం ఆవులు ఈనే ఈ ఒక్క ఈత కాలమే. దానికోసం మూడేళ్లు తల్లీబిడ్డల్ని విడదీస్తారా?

నన్నడిగితే ప్రయాణం చెయ్యాల్సింది పిల్లాడు కాదు, పిన్నిగారు. కొడుకు అక్కడ రెసిడెంట్ కాబట్టి తల్లిదండ్రులకి ఇచ్చే విజిటర్ వీసాకి అప్లై చేసుకోవచ్చు. ఒక్కో విడత ఆరు నెలల దాకా, మూడేళ్లలో మొత్తం 18 నెలల దాకా ఉండనిస్తారు. మెడికల్ పరీక్షలకి టైం పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టాలి. విశాఖ నుంచి సింగపూర్, అక్కడి నుంచి క్రైస్ట్‌చర్చ్ వెళ్తే అబ్బాయి వచ్చి తీసుకెళ్తాడు.

రాజాం అమ్మగారు అన్న మాటల సంగతికి కూడా ఇదే జవాబు. అక్కడి మావోరీ వాళ్లు తమ భాష పోతోందని 1982లో పసిపిల్లల బడులు మొదలుపెట్టారు. గొప్ప చదువుల వాళ్లని పెట్టలేదు, ముసలివాళ్లని కూర్చోబెట్టి రోజంతా పిల్లలతో మావోరీలోనే మాట్లాడించారు. ఒక నానమ్మ ఇంట్లో ఉంటే తెలుగు దానంతట అదే వస్తుంది. దానికి మీ కవిటి ఉన్న ఉద్దానం మట్టే కావాలని లేదు.

విజయనగరం పిల్లల డాక్టర్:

రెండు ముక్కలు చెప్పి వెళ్తాను. ఫార్మ్‌లో ట్యాంకు నుంచి తెచ్చుకున్న పాలు పచ్చివి తాగించొద్దు. మన ఇళ్లలో కాచకుండా తాగం, కానీ అక్కడ తోటివాళ్లు పచ్చివే తాగుతుంటే మనవాళ్లకీ అలవాటవుతుంది. పచ్చిపాలలో, దూడల పేడలో ఉండే ఒక రకం ఈ కోలై బాక్టీరియా వల్ల నెత్తురు విరేచనాలై, కొందరు పిల్లలకి కిడ్నీలు దెబ్బతింటాయి. ఐదేళ్ల లోపు వాళ్లకి ముప్పు ఎక్కువ. కిడ్నీ జబ్బు ఒక ఇంటిని ఏం చేస్తుందో ఉద్దానం వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దూడని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దూడల షెడ్డులో కూర్చోబెట్టడం మాత్రం ఈసారి వద్దే వద్దు.

పశువుల మధ్య పెరిగితే ఉబ్బసం, అలర్జీలు రావని చాలామంది అంటారు. అందులో కొంత నిజముంది. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని వ్యవసాయం చేసే రెండు సమాజాలున్నాయి, ఇద్దరి మూలాలూ దగ్గరివే. 2016లో వచ్చిన అధ్యయనంలో ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం చాలా తక్కువని తేలింది. కానీ వాళ్లవి ఇంటి పక్కనే నాలుగు ఆవులుండే పాతకాలపు కమతాలు. యంత్రాలతో నడిచే పెద్ద ఫార్ములున్న హటరైట్ పిల్లల్లో ఆ మేలు కనిపించలేదు. కాబట్టి ఆ పేరు చెప్పి పిల్లాడిని షెడ్డులో తిప్పకండి.

ఒకవేళ ఇక్కడికే తెస్తే, అక్కడ పిల్లలందరికీ బీసీజీ వెయ్యరు. బయల్దేరేముందు అది, టైఫాయిడ్ టీకా గురించి అక్కడి డాక్టర్‌ని అడగాలి.

రాజాం నానమ్మ:

టెక్కలి అమ్మాయీ, బాగా రాశావు. నా అనుమానాలు మాత్రం తీరలేదు. జూలై అంటే అక్కడ చలికాలం. కవిటి వదినగారికి ఇంగ్లీషు రాదు, కారు నడపదు. కొడుకూ కోడలూ షెడ్డులో ఉంటే, చీకట్లో, ఆ చలిలో, పిల్లాడికి జ్వరం కాస్తే ఎవర్ని పిలుస్తుంది? ఇక్కడైతే కేక వేస్తే పదిమంది వస్తారు. కంచె కన్నా పదిమంది కళ్లు నయం. నేను మనుషుల్ని నమ్ముతాను.

టెక్కలి ఆడపడుచు:

రాజాం అమ్మగారూ, చలి నిజం. జూలైలో ఎనిమిది దాటితే గానీ తెల్లవారదు. మన ఊళ్లలో రాత్రి తొమ్మిదిన్నరకి మీరు పక్కలు వేసుకునే వేళకి అక్కడ నాలుగు, మగవాళ్లు పనికి బయల్దేరతారు. ఒంటరితనమూ నిజమే, కోడలు కళ్లు తుడుచుకునేది అందుకే అనుకుంటున్నాను. అందుకే కదా పిన్నిగారు వెళ్లాలంటున్నాను. ఆవిడ వెళ్తే ఇద్దరికి తోడు దొరుకుతుంది. జ్వరం వస్తే షెడ్డు దగ్గర్లోనే, ఫోన్ చేస్తే కోడలు వస్తుంది. 14 ఏళ్ల లోపు పిల్లలకి చాలా క్లినిక్‌లలో ఫీజు ఉండదు. పిల్లల గురించి ఏ సమయంలోనైనా నర్సుతో మాట్లాడే ఫోన్ సౌకర్యమూ ఉంది.

పదిమంది కళ్ల మాట దగ్గర మాత్రం నేను మీతో ఏకీభవించను. నీళ్లలో మునిగి చనిపోయేవాళ్ల రేటు ప్రపంచమంతటా ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లోనే ఎక్కువ. మన ఊళ్లలో గట్టు లేని బావులు, ఇంటి వెనక చెరువులు, గెడ్డలు (వాగులు) లేవా? పదిమంది ఉన్నచోట ఎవరికి వాళ్లు పక్కవాళ్లు చూస్తున్నారనుకుంటారు. కవిటి తోటలో పెంచినా గేటు, గడియ కావాల్సిందే.

కవిటి తాతయ్య:

మీ అందరికీ ధన్యవాదాలు. ఇవన్నీ మా ఇంటావిడకి చదివి వినిపించాను. టీచరమ్మ రాసింది విని చాలాసేపు మాట్లాడలేదు. వెళ్లడానికి ఆవిడ సిద్ధమే. ఇబ్బంది ఏమిటంటే, జూలై ఆగస్టు మనకి ఉభాల కాలం, అదే వరినాట్ల కాలం. కూలీలని పిలవడం, అన్నాలు పంపడం అంతా ఆవిడే చూస్తుంది. 2018 తిత్లీ తుఫానులో కూలిన కొబ్బరిచెట్ల చోట పెట్టిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, తోట వదిలి నేను కదల్లేను.

కంచె సంగతి కూడా అబ్బాయిని అడిగాను. ఈత కాలం అయ్యాక వేయిస్తానని యజమాని అన్నాడట.

సాలూరు రైతు:

బావగారూ, ఉభాలకి ఈ ఒక్క ఏడూ మనిషిని పెట్టుకోండి, లేదా వరిచేను కౌలుకివ్వండి. ఒక పంట తగ్గితే వచ్చే ఏడు చూసుకుంటాం. అక్కయ్యగారిని పంపండి.

బొబ్బిలి టీచర్:

సాలూరు వారి మాటే నా మాట. ఒకవేళ ఎలాగూ కుదరక పిల్లాడినే తేవాల్సి వస్తే తల్లితో కలిసి రానివ్వండి, తల్లితోనే తిరిగి వెళ్లనివ్వండి. ఆ సీజన్ జీతం పోతే పోయింది. వాడిని ఒక్కడినే మాత్రం ఉంచుకోకండి.

రాజాం నానమ్మ:

పిల్లాడు ఇక్కడుంటేనే మంచిదని నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆవిడ వెళ్లేటట్టయితే అడ్డు చెప్పను. కంచె లేకుండా మాత్రం పంపొద్దు. రెండేళ్ల వాడి వెంట పరుగెత్తే వయసా మనది?

టెక్కలి ఆడపడుచు:

బాబాయ్‌గారూ, ఈత కాలం అయ్యాక కంచె అనే మాటకి ఒప్పుకోవద్దని అబ్బాయికి గట్టిగా చెప్పండి. ట్రాక్టర్లు ఎక్కువగా తిరిగేది, ఇద్దరూ ఇంట్లో లేనిది ఆ రెండు నెలల్లోనే. న్యూజిలాండ్‌లో డెయిరీ వాళ్ల కొత్త సంవత్సరం జూన్ 1న మొదలవుతుంది. కొత్త కాంట్రాక్టులు, ఫార్ములు మారడం అన్నీ ఆ తేదీకే. ఈనే ఆవులు ముందుండగా ఏ యజమానీ మంచి మేనేజర్‌ని వదులుకోడు. అడగడానికి ఇదే అదను. ఇంటికి కంచె, గేటు, ఫలానా తేదీలోపు అని కాంట్రాక్టులోనే రాయించుకోమనండి. సామాను యజమాని ఇస్తే జూన్‌లో ఆవులు పాలివ్వని రోజుల్లో అబ్బాయే వేసుకోవచ్చు, అక్కడ కంచె వెయ్యడం రాని ఫార్మ్ మనిషి ఉండడు. వీసా కాగితాల్లో ఎక్కడైనా ఆగితే ఇక్కడే రాయండి, నాకు తెలిసినంత చెబుతాను.